మేనల్లుడికి, ఆ పన్నెండేళ్ల లెక్క గురించి

చిరంజీవి మేనల్లుడికి,



మొన్న ఫోనులో నువ్వు చెప్పిందంతా విని, ఆలోచించి చెప్తాలే అని పెట్టేశాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడావు, పక్కన ఎవరో దగ్గారు. బైపాసు పక్క స్థలాలు బేరం చేసే ఆ బ్రోకరే అయివుంటాడని నా అనుమానం. అతను వింటుండగా చెప్పే మాటలు కావివి. అందుకే కాగితం తీశాను.

నువ్వన్నది ఇదీ. మీ తాతయ్య 1994లో పోయారు. అప్పట్నుంచీ నాలుగున్నర ఎకరాల మాగాణి మీ నాన్న చేశాడు. 2015లో మీ నాన్న పోయాక నువ్వు చేస్తున్నావు. పాస్‌బుక్కు మీ నాన్న పేరున ఉంది, శిస్తు కట్టింది మీరే, కాలవ పూడిక తీయించింది మీరే. అత్తలిద్దరూ, అంటే మీ నాన్న అప్పచెల్లెళ్లు, ఏనాడూ గట్టు తొక్కలేదు. పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే భూమి వాళ్లదైపోతుందట, చిన్నత్త ఇప్పుడొచ్చి వాటా అడిగితే అడ్వర్స్ పొసెషన్ అని వేసేద్దాం, మంచి వకీలు పేరు చెప్పు మామయ్యా అన్నావు.

మీ అమ్మ నా తోబుట్టువు. తూకం వేస్తే నేను మీ తట్టలోనే ఉంటాను. వకీలు గుమాస్తాగా ఉద్యోగమంతా సివిల్ కోర్టు వరండాల్లో గడిపినవాణ్ణి, వకీలుని కాను. చివరి మాట వకీలు చెప్పాలి. ఆయన దగ్గరికి వెళ్లేముందు నువ్వు ఏ ప్రశ్న తీసుకెళ్లాలో నేను చెప్తాను, ఎందుకంటే నువ్వు పట్టుకెళ్తున్న ప్రశ్న తప్పు.

ఆ పన్నెండేళ్ల మాట గాల్లోంచి రాలేదు. 1963 లిమిటేషన్ చట్టంలో 65వ ఆర్టికల్ అది. భూమి సొంతదారు తన భూమి తనకు స్వాధీనం చేయించమని దావా వెయ్యడానికి పన్నెండేళ్ల గడువిచ్చింది. గడువు దాటితే అదే చట్టం 27వ సెక్షను కింద హక్కే ఆరిపోతుంది. సర్కారు భూమైతే ముప్పై ఏళ్లు. ఇంతవరకూ నీకు చెప్పినవాడు నిజమే చెప్పాడు. మిగతా సగం మింగేశాడు. ఆ గడియారం నువ్వు పొలంలో దిగిన రోజు నుంచి తిరగదు. నీ స్వాధీనం ఎదుటి మనిషి హక్కుకి ఎదురు తిరిగిన రోజు నుంచి తిరుగుతుంది. ఎదురు తిరగడం అంటే మనసులో అనుకోవడం కాదు. "ఇది నీది కాదు, నాది, ఏం చేసుకుంటావో చేసుకో" అని ఆ మనిషికి తెలిసేలా, ఊరందరికీ కనిపించేలా, బాహాటంగా ఉండాలి.

అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ల మధ్య ఈ నియమం ఇంకా గట్టిగా ఉంటుంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకడు పొలం చేస్తుంటే, చట్టం దృష్టిలో అతను అందరి తరఫునా చేస్తున్నట్టే. ముప్పై ఏళ్లు చేసినా అంతే. మిగతావాళ్లని బయటికి నెట్టేసినట్టు, అది వాళ్లకి తెలిసినట్టు, ఆ తర్వాత పన్నెండేళ్లు వాళ్లు కదలకుండా కూర్చున్నట్టు నువ్వు రుజువు చెయ్యాలి. రుజువు భారం నీదే. ఇది కొత్తగా వచ్చిన తీర్పేమీ కాదు. మన తెలుగు నేల మీద పుట్టిన తగాదాలోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పి. లక్ష్మీరెడ్డి వర్సెస్ ఎల్. లక్ష్మీరెడ్డి, ఏఐఆర్ 1957 సుప్రీంకోర్టు 314. మా ఆఫీసులో ఆ పుస్తకం అట్ట ఊడిపోయింది, పేజీ మాత్రం దానంతటదే తెరుచుకునేది.

2019లో కొత్త తీర్పు వచ్చిందని కూడా ఎవరో నీ చెవిన వేశారు. వచ్చింది, నిజమే. అంతకుముందు అడ్వర్స్ పొసెషన్‌ని ప్రతివాది అడ్డుపెట్టుకోవడానికే తప్ప, దాని మీద వాది దావా వెయ్యకూడదన్న తీర్పులుండేవి. వెయ్యొచ్చని 2019 ఆగస్టులో ముగ్గురు జడ్జిల బెంచి చెప్పింది. అంటే ఆయుధం ఎవరెవరు పట్టుకోవచ్చో చెప్పింది. ఆయుధం ఎలా తయారవుతుందన్నది మారలేదు.

ఒక కేసు చెప్తాను, ఊరూ పేరూ వద్దు. అన్న ఊళ్లో పొలం చేసుకుంటున్నాడు, చెల్లెల్ని మద్రాసు ఇచ్చారు. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ భాగానికి దావా వేసింది. అన్న తరఫున మా ఆఫీసు. మేం తయారుచేసిన రిటన్ స్టేట్‌మెంటు బ్రహ్మాండంగా ఉంది: బాహాటంగా, నిరాటంకంగా, వాదిని హక్కుదారుగా ఒప్పుకోకుండా అనుభవిస్తున్నాడని. ఆయన బోనెక్కాడు. ఎదుటి వకీలు గద్దించనూ లేదు, గొంతు పెంచనూ లేదు. చిన్న కాగితం ఒకటి చేతికిచ్చి, ఈ అక్షరం మీదేనా అని అడిగాడు. మనియార్డరు కూపను. కబురు రాసుకోడానికి ఉండే ఆ కాస్త జాగాలో ఇలా ఉంది: "చెల్లాయికి, ఈ ఏటి నీ పాలు ధాన్యం డబ్బులు పంపుతున్నాను. వానల్లేక దిగుబడి తగ్గింది, ఏమనుకోకు." ఆయన కాగితం కేసి చూశాడు, మా వకీలు గారి కేసి చూశాడు. వకీలు గారు సీలింగు ఫ్యాను కేసి చూశారు. అలాంటి కూపన్లు రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి బల్ల మీద ఉంది.

మీ ఇంట్లో మనియార్డర్లు లేకపోవచ్చు. సంక్రాంతి ఉంది. మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఏటా ఒంగోలుకి పెద్దత్తకి రెండు బస్తాల బియ్యం, హైదరాబాదుకి చిన్నత్తకి రెండు బస్తాలు, మినుములు విడిగా, లారీ ఆఫీసులో వేసి పంపేవాడు. నువ్వూ మానలేదు, మంచిపని చేశావు. రేపు బోనులో నిన్ను అడుగుతారు: ఈ బియ్యం దేనికి పంపారు? పుట్టింటివారి ప్రేమ కొద్దీ అంటావు. ప్రేమ ఉన్నచోట శత్రుత్వం ఎక్కడిది అంటారు. పొలం మీద రాబడి కాబట్టి అంటావు. అయితే వాటా ఒప్పుకున్నట్టేగా అంటారు. ఇక రెండు నెలల కిందట చిన్నత్తకి నువ్వు పెట్టిన వాట్సాప్ మెసేజి మీ అమ్మ నాకు చదివి వినిపించింది. "నీ వాటా సంగతి పండక్కి కూర్చుని మాట్లాడదాం అత్తా" అని. తారీఖు, టైముతో సహా ఉంటుందది. పోస్టాఫీసు ముద్ర కంటే స్పష్టంగా.

ఇంకో చిక్కుంది. అడ్వర్స్ పొసెషన్ వేశావంటే, ఈ భూమికి వాళ్లు హక్కుదారులే అని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నట్టు. అసలు హక్కు లేనివాళ్ల మీద ఎదురు తిరిగేదేముంది? తాతయ్య నోటిమాటగా మా నాన్నకిచ్చేశారని ఒక పేరాలో, అత్తలకి వ్యతిరేకంగా అనుభవించామని ఇంకో పేరాలో రాయిస్తావు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇప్పుడు వాటాల లెక్క. పెద్దత్త పెళ్లి 1979లోనే అయిపోయింది కాబట్టి ఆవిడకి లేదు, చిన్నత్త పెళ్లి 1988లో కాబట్టి ఆవిడతోనే తంటా అన్నావు. ఈ మాట ఎక్కడిదో నాకు తెలుసు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. ఊళ్లల్లో ఆడపిల్లల ఆస్తి అనగానే ఆ తారీఖే గుర్తుంటుంది. ఆ గీత కూడా తర్వాత చెరిగిపోయింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లయిందా కాలేదా అన్న తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న అనుమానాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు తీర్చేసింది, అక్కర్లేదని.

అదంతా పిత్రార్జితం గొడవ. నీ పొలానికి అదీ అక్కర్లేదు. ఈ నాలుగున్నర ఎకరాలు మీ తాతయ్య 1962లో సొంత డబ్బుతో కొన్నవి. వీలునామా రాయకుండా పోయారు. స్వార్జితానికి 1956 హిందూ వారసత్వ చట్టం మొదట్నుంచీ ఒకటే చెప్తోంది: భార్య, కొడుకు, కూతుళ్లు, అందరికీ సమానం. పెళ్లి ఏ సంవత్సరంలో అయితేనేం. 1994లో నాలుగు భాగాలయ్యాయి. 2006లో మీ నాయనమ్మ పోయాక ఆవిడ భాగం ముగ్గురు పిల్లలకీ పడింది. అంటే పెద్దత్తకి ఎకరన్నర, చిన్నత్తకి ఎకరన్నర, మీ నాన్నకి ఎకరన్నర.

ఇక్కడ ఆగి ఒకసారి ఊపిరి పీల్చుకో. మీ నాన్న ఎకరన్నరకి వారసుడివి నువ్వొక్కడివే కాదు. మీ అమ్మ ఉంది, మీ చెల్లాయి ఉంది. ముగ్గురికీ సమానం. నాలుగున్నర ఎకరాల్లో ఈ రోజున చట్టప్రకారం నీ సొంతం యాభై సెంట్లు.

మీ చెల్లాయి ఇంతవరకూ నోరెత్తలేదు. ఎత్తదని కాదు. పొలం చేసినవాడిదే పొలం అన్న వాదన అత్తల మీద గెలిచిందనుకో, రేపు అదే కాగితం పేర్లు మార్చి చెల్లాయి మీద వెయ్యొచ్చు. ఆ సంగతి ఆ పిల్ల భర్తకి అర్థం కాకుండా ఉంటుందా? ఒక దావాతో మూడు ఇళ్లు దూరమవుతాయి.

పాస్‌బుక్కు మీద ఆశ పెట్టుకోకు. 1996లో మీ నాన్న పేరున మ్యుటేషన్ అయింది, రీసర్వేలోనూ ఆ పేరే పడింది. రెవెన్యూ రికార్డు శిస్తు ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో చెప్పేది, అది హక్కు పుట్టించదనీ, ఉన్న హక్కుని ఆర్పెయ్యదనీ సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అన్న పేరు పడితే చెల్లెళ్లు అభ్యంతరం చెప్పకపోవడాన్ని జడ్జిగారు వదులుకోవడం అనరు, నమ్మకం అంటారు. కట్నం ఇచ్చాం కదా అన్న మాట కూడా నోట రానివ్వకు. 1961 చట్టం కట్నాన్ని నేరం చేసింది. ఇచ్చాం అని అఫిడవిట్‌లో రాసిచ్చిన పెద్దమనుషుల్ని చూశాను, ఎదుటి వకీలుకి అంతకంటే పండగ ఉండదు.

మీ అమ్మ ఇంకో మాట అంది, అది వినగానే ఉత్తరం త్వరగా రాయాలనిపించింది. ఆ బ్రోకరు మనిషెవరో, పాత తారీఖు స్టాంపు కాగితం ఉంది, తాతయ్య వీలునామా ఒకటి పుట్టిద్దాం అన్నాడట. ఒరేయ్, వీలునామాకి స్టాంపు కాగితమే అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. నేను చూసినంతలో స్టాంపుల సోకు దొంగ వీలునామాలకే ఎక్కువ. దాన్ని రుజువు చెయ్యాలంటే సాక్షి సంతకం చేసినవాళ్లలో ఒకడైనా కోర్టుకి రావాలి. తాతయ్య సంతకం చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్తుంది, ఆయన పాత సంతకాలతో పోలుస్తారు. అక్కడితో సివిల్ కేసు ఆగి క్రిమినల్ కేసు మొదలవుతుంది. ఆ మనిషిని గుమ్మం ఎక్కనివ్వకు.

ఇంతవరకూ నీకు లేనిది చెప్పాను. ఉన్నది కూడా ఉంది, అదేమీ తక్కువ కాదు, నువ్వు అడగాల్సింది అదే.

2003లో మీ నాన్న అప్పు చేసి బోరు వేయించాడు. కొమ్మమూరు కాలవకి నీళ్లు రాని ఏడాది రెండో పంట నిలబడింది దానివల్లే. రోడ్డు వైపు చెక్క ఎత్తుగా ఉంటే మట్టి తీయించి చదును చేయించింది నువ్వు. నాయనమ్మని మంచం మీద చూసుకుంది మీ అమ్మ. ఇందులో చివరిది కోర్టులో చెల్లదు, ఇంట్లో చెల్లుతుంది, చిన్నత్తకి అది గుర్తుంది. మొదటి రెండూ కోర్టులో కూడా చెల్లుతాయి. భాగాల దావాలో ముందు ప్రిలిమినరీ డిక్రీ వస్తుంది, ఎవరికెంత అని. తర్వాత కోర్టు అడ్వొకేట్ కమిషనర్ని వేస్తే, ఆయన సర్వేయరుని వెంటబెట్టుకుని పొలం మీదికి వచ్చి మంచిచెడ్డలు చూసి ఎవరికి ఏ చెక్క అన్నది గీస్తాడు. ఒకరు డబ్బుపెట్టి బాగుచేసిన చెక్క వీలైనంతవరకూ వాళ్ల భాగంలోనే పడేలా చూడమని అడగొచ్చు, సాధారణంగా చూస్తారు కూడా. అంటే భూమంతా నాది అని అడిగితే నువ్వు ఓడిపోతావు. బోరున్న చెక్క మా వైపు పడాలి అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కానీ ఆ దారిన పోవద్దనే నా మాట. ప్రిలిమినరీ డిక్రీకి ఏళ్లు, దాని మీద అప్పీలు, ఫైనల్ డిక్రీ పిటిషను, కమిషనర్ రిపోర్టు మీద అభ్యంతరాలు, ఈలోగా ఒకరు పోతే వారసుల్ని చేర్చే పిటిషన్లు. స్టేటస్ కో ఆర్డరు వచ్చిందంటే గట్టు కూడా సరిచేసుకోలేవు. అత్తలకి పెద్ద ఖర్చు లేదు. మేమూ ఉమ్మడి స్వాధీనంలోనే ఉన్నాం అంటారు, చట్టం ఆ మాట ఒప్పుకుంటుంది కాబట్టి స్థిరమైన చిన్న కోర్టు ఫీజుతో దావా వేసెయ్యొచ్చు. ఇన్నేళ్ల ఫలసాయం లెక్క చెప్పమని కూడా అడగొచ్చు, ఇప్పటిదాకా వాళ్లు అడగని లెక్క అది.

బ్రోకరు దగ్గర అడ్వాన్సు తీసుకోలేదుగా? తీసుకుంటే వెనక్కిచ్చేసి కాగితం చింపించు. మొత్తం భూమికి అగ్రిమెంటు రాసిచ్చినా వాడికి దక్కేది నీ యాభై సెంట్లే. మిగతాదానికి వాడు నీ మీద పడతాడు. అప్పుడు అత్తలు ఒకవైపు, వాడు ఒకవైపు, మధ్యలో నువ్వు.

ముందు ఒంగోలు వెళ్లు. చిన్నత్త అడిగింది కాబట్టి హైదరాబాదు వెళ్లాలనిపిస్తుంది, కానీ పెద్దత్త మాట చిన్నత్త దాటదు. మీ అమ్మని, చెల్లాయిని కూడా తీసుకెళ్లు. వెళ్లి "నీ భాగం వదిలెయ్ అత్తా" అని మాత్రం అడగొద్దు. చీర పెట్టి, పసుపు కుంకుమ చేతిలో పెట్టి, ఆ చేత్తోనే హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకునే మర్యాద మన వైపు ఒకటుంది. నాకది ఏనాడూ మింగుడు పడలేదు. నీ ఎకరన్నర నీదే, ఎలా చెయ్యమంటావో చెప్పు అను. ఆవిడ తనంతట తాను వదులుకుంటే అది వేరు. అప్పుడైనా రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం కోర్టులో సాక్ష్యంగా నిలబడదు, స్టాంపు లేనందుకు పదింతల దాకా పెనాల్టీ పడుతుంది.

వాళ్లకి కావలసింది భూమి కాకపోవచ్చు, డబ్బూ కాకపోవచ్చు. చిన్నత్త కొడుకు బ్యాంకు లోను పెట్టుకుంటున్నాడని విన్నాను, తన పేరున కాగితం ఉంటే చాలేమో. అది అడిగి తెలుసుకో. కొనగలిగితే వాళ్ల భాగాలు ఊళ్లో నడుస్తున్న ధరకి కొను, ఆ బోరు ఖర్చు మినహాయించుకుని. కొనలేకపోతే వాళ్ల పేరున రిజిస్టరు చేసి, నువ్వే కౌలుకి చెయ్. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే అనుకోండి. కౌలుకిస్తే భూమి పోతుందన్న భయం వాళ్లకీ ఉంటుంది, ఇన్నాళ్ల అనుభవం చూశాక మరీను. ఆ భయానికి 2019లో మన రాష్ట్రంలోనే పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని ఒప్పుకోలు, సాగుదారుకి పంట మీద మాత్రమే హక్కు, భూమి మీద ఏమీ పుట్టదు. ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డుతో నీకు పంట రుణానికీ దారి ఉంటుంది.

మాట కుదిరాక అయిదుగురూ, అంటే అత్తలిద్దరూ, మీ అమ్మా, నువ్వూ, చెల్లాయీ కలిసి సర్వేయరుతో కొలిపించి, హద్దులు రాసి, భాగపంపిణీ దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. వారసత్వ భూముల పంపకాలకి స్టాంపు రుసుము ఈ మధ్య బాగా తగ్గించారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని వెళ్లు. కొంచెం పీటముడి పడితే మండల న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తర్వాత ఎవరి భాగం వాళ్ల పేరున రెవెన్యూ రికార్డులో 1-బి మార్పించుకోండి. చెల్లాయి యాభై సెంట్లు చెల్లాయి పేరునే.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. చెల్లాయికి కూడా ఇవ్వు.

ఇట్లు,
మామయ్య

తా.క. 1962 దస్తావేజు మీ ఇంట్లో గోద్రెజ్ బీరువా లోపలి సొరుగులో, తాతయ్య మరణ ధ్రువపత్రంతో కలిపి మైకా కవర్లో ఉండాలి. కనిపించకపోతే కంగారుపడకు, రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. 1983కి ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీసేవలో రాదు, ఆఫీసులో చేతిపుస్తకాలు తీయించాలి. ఆ పుస్తకాలు తీసే మనిషి మధ్యాహ్నం భోజనానికి వెళ్తే సాయంత్రం దాకా రాడు, పొద్దున్నే వెళ్లు.